ఆ ఆదివారం డ్యూటీయే

"ఆదివారం సెలవంట! ఎవుడికి సెలవు? ఆడి బాబుకా?" రామలక్ష్మి కొట్టు అరుగు మీద కూలబడింది. "నువ్వే సెప్పు వాసూ. రాకపోతే జీతం కోస్తానన్న రోజు సెలవెలాగవుద్ది?"

వాసుదేవరావు గ్లాసుతో నీళ్ళిచ్చాడు. మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలో పప్పులూ మసాలాలూ అమ్మే ఆయన కొట్టు ముందు ఆ ఉదయం ఒక్క బేరం లేదు. 2021 ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి ఊరిదంతా అదే వరస. వీధి చివర ఇసుక బస్తాలు. ఇంటర్నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు. పక్క పేటలో ఏం జరిగినా మనిషి నడిచొచ్చి చెబితే తప్ప తెలియడం లేదు.

"ఏ ఆదివారం పిన్నీ?"

"మొన్నటిదే. మా తారని పోలీసులు ఎత్తుకుపోయిన ఆదివారం."

గ్లాసు ముట్టుకోలేదామె. రామలక్ష్మి తాత శ్రీకాకుళం నుంచి ఓడలో ఈ దేశం వచ్చి రేవులో బస్తాలు మోశాడు. ఆమె చిన్నప్పుడే కుట్టు మిషను ముందు కూర్చుని, ఇన్సేన్ పేట అవతల ఒక కొరియా ఆయన పెట్టిన బట్టల ఫ్యాక్టరీలో కోట్లకు చేతులు కుట్టే మిషన్ల వరసకి పెద్దగా ఎదిగింది. చనిపోయిన చెల్లెలి కూతురు తారని తనే పెంచి, పోయినేడు పక్క మిషను మీద కూర్చోబెట్టుకుంది.

"మా సాజాంగ్‌నిమ్‌ని ఇన్నాళ్ళూ మంచోడే అనుకున్నాను," అంది. ఓనరుని వాళ్ళందరూ కొరియా మాటతో అలాగే పిలుస్తారు. "ఆ మనిషికి ఇల్లూ లేదు, ఆదివారమూ లేదు. ఆఫీసులోనే మంచం. జొరమొచ్చినా లేచి తిరుగుతాడు. ఆల్ల నాన్న పండక్కి తప్ప మిషను ఆపలేదంట, అందుకే ఆల్ల దేశం పైకొచ్చిందంట. ఒకరు సెలవడిగితే పక్కోడి నెత్తిన బరువు పెట్టినట్టంట. సరే అన్నాం. కడుపునొప్పికి కూడా సిగ్గుపడి అడిగీవోల్లం."

"మరి ఆదివారం ఎందుకు పిలిచాడు?"

"ఊర్లో గొడవలకి మనుషులు తగ్గిపోనారు కదా. సైన్యం వద్దనే ఊరేగింపుల్లోకి ఎల్తన్నారని ఆడికి తెలిస్తేనా! ఫ్యాక్టరీ గోడ దాటడు. మాకు మనసులు కలవలేదనుకున్నాడు. ఆల్ల దేశంలో అలాటప్పుడు కంపెనీ అంతా కలిసి కొండెక్కుతారంట, దిగొచ్చి తింటారంట, తాగుతారంట. అదీ ఆల్లకి ఇశ్రాంతి! ఈ ఊర్లో కొండేటి, పగోడా మెట్లు తప్ప? అయితే చెరువు చుట్టూ నడుద్దావన్నాడు. రానోల్లకి కోతన్నాడు."

వాసుదేవరావుకి నవ్వు రాబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయింది.

"అందరికీ ఎర్ర బనీన్లు. నెత్తికి ఎర్ర గుడ్డ."

"ఎర్రవా?" ఆయన ఉలిక్కిపడ్డాడు. ఊరేగింపుల్లో నెలంతా కనబడుతున్నది ఆ రంగే.

"నాను సెప్పాను బాబూ! ఈ రంగొద్దు సార్, సంపేస్తారని. ఇది మా ఫుట్‌బాల్ జట్టు రంగు, దీంట్లో తప్పేటుందన్నాడు. పిడికిల్లెత్తి అందరం ఒక్కసారి అరవాలంట, హుషారంట. లారీ దిగిన పోలీసులు ఆగి అడుగుతారేటి, అమ్మా మీది పిక్నిక్కా అని? కొట్టడమే. దొరికినోల్లు దొరికినట్టు పరిగెత్తాం. తార చేతిలో కంపెనీ బోజనం పెట్టెలున్నాయి. పారేస్తే తిడతాడని పారీలేదు, పిచ్చి మొకం! అలాగే దొరికిపోనాది."

ఆమె అరుగు మీద అరచేత్తో కొట్టింది. కన్నీళ్ళు లేవు. కోపమే వాటిని తాగేసినట్టుంది.

"ఇయ్యాల పొద్దున్నే స్టేషనోడు ఏటన్నాడో తెలుసా? మీ ఓనరొచ్చి ఇది నా కంపెనీ పనేనని సెబితే ఒదిలేస్తాను, లేదా రేపొద్దున్న ఇన్సేన్ జైలుకే అన్నాడు. ఆ మాటే పట్టుకెల్లి మా ఓనరుకి సెప్పాను. ఈడేమో, ఆదివారం సెలవు, సెలవు రోజు ఎవరేం చేసినా కంపెనీకి పట్టదన్నాడు. కుట్టిన కోట్లు లెక్కెట్టుకుంటా అన్నాడు. మొకం కూడా ఇటు తిప్పలేదు."

"భయపడ్డాడేమో పిన్నీ. పరాయి దేశం."

"పడనీ! మాకు లేదేటి బయం? పని కావాలన్నప్పుడు ఆదివారం ఆడిది, పిల్ల పోతే మాదీనా?" ఆమె లేచి నిలబడింది. "అక్కడే నా వరస మిషన్లన్నీ ఆపించేశాను. నా బతుకులో మొదటిసారి. ఆడపిల్లలంతా చేతులు కట్టుకు కూకున్నారు."

వాసుదేవరావు ఆమె ముట్టుకోని గ్లాసు చేతిలోకి తీసుకుని ఆమె వంక చూశాడు.

"చూస్తావేటి? ఫ్యాక్టరీలో తర్జుమా చేసే పిల్ల బయపడి సగం మింగేస్తంది. నువ్వు టీవీలో కొరియా సీరియల్లు చూసి ఆల్ల బాస నేర్చీసుకున్నావు కదా, ఫ్యాక్టరీకి ఎల్లు. నాను స్టేషను గేటు కాడుంటాను. ఆ ఆదివారం డూటీయేనని ఆడి చేత ఒప్పించి, పొద్దుగూకీలోగా అక్కడికి తీసుకురా. బతిమాలకు. ఆ సీరియల్లో అత్తగారు కసురుద్ది చూడు, ఆ గొంతుతో అడుగు. నడు, కొట్టు తలుపులు నానేస్తాను."