జెండా గద్దె పక్కన ఖోఖో

మా చుట్టుపక్కల ప్రభుత్వ బడులన్నిటికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున లేస్తే అందులో ఫొటోలే. ఒక బడి పిల్లలు సైన్స్ ప్రదర్శనలో వాననీటిని దాచే నమూనా పెట్టి బహుమతి తెచ్చారు. ఇంకో బడిలో అమ్మాయిలు యోగా చేస్తూ తలకిందులుగా నిలబడ్డారు. బోడుప్పల్ వైపు ఒక బడి పిల్లలైతే తాము పెంచిన పాలకూరను మధ్యాహ్నం పప్పులో వేయించుకుని తిన్నారు. నేను అన్నిటికీ చప్పట్ల బొమ్మ పెట్టేదాన్ని. మెచ్చుకోలు నిజమే, లోపల కుళ్లూ నిజమే. నాచారంలోని మా బడి నుంచి ఆ గ్రూపులోకి పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ వెళ్లేవి కావు.

మాకు ఆటల సారు లేరు. సాంఘికశాస్త్రం చెప్పే నా నెత్తిన ఆ పని కూడా పెట్టారు. బస్సు కోసం తప్ప జన్మలో పరుగెత్తని మనిషిని నేను. అమ్మాయిల ఖోఖో జట్టు నడిచిందంటే ఆ గొప్ప నాది కాదు, పదో తరగతి చదివే మా కెప్టెన్‌ది. వాళ్లమ్మ ఇక్కడే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే ఈ పిల్ల బడికి వచ్చి, ఆడే జాగాలో రాళ్లు ఏరి పక్కన పోసేది. ఎవరూ చెప్పలేదు. నేనైతే అసలే చెప్పలేదు, ఆదివారం నిద్ర నాకు ప్రాణం.

మా పెద్ద సారుకు పదో తరగతి ఫలితాలంటే కంగారు. ఆయనను తప్పు పట్టను, పైనుంచి అడిగేది ఆయననే. ఒక రోజు జట్టును పిలిచి తేల్చి చెప్పారు.

"ఈసారి బడుల పోటీల్ల ఒక్క మ్యాచన్న గెలువున్రి. లేకుంటే సాయంత్రం ఆట గంట బంద్. అన్ని క్లాసులకు స్పెషల్ క్లాసులే."

ఆ సాయంత్రం కెప్టెన్‌ను అడిగాను. "ఎట్లాగూ ఎండాకాలానికి నువ్వు బడి వదిలి పోతావు కదా, నీకెందుకే ఇంత ఫికర్?"

"నేను పోత మేడం. ఎనిమిదోళ్లు ఏడ ఆడుతరు? ఇండ్లల్ల జాగ లేదు. గల్లీల ఆటోలు. ఆడపిల్లలు రోడ్డు మీద ఉరికితే ఎవలో ఒకలు ఏదో ఒకటి అంటరు. వాళ్లకున్నది గీ గంటనే."

మర్నాటి నుంచి నేనూ ఈల పట్టుకుని నిలబడ్డాను.

మాకు ఆటస్థలం అంటూ లేదు. తరగతి గదులకూ ప్రహరీ గోడకూ మధ్య మిగిలిన జాగా ఉంది, అంతే. ఖోఖోకు రెండు చివరలా రెండు స్తంభాలు కావాలి. ఒక చివర ఇనప పైపు పాతాం. రెండో చివర జెండా కర్రనే స్తంభం అనుకున్నాం. దాని కింద సిమెంటు గద్దె ఉంది. దాన్ని తొక్కకూడదు. పొరపాటున కాలు తగిలితే పిల్లలు వంగి చేత్తో తాకి కళ్లకద్దుకుంటారు. జెండా పండగకు దాన్ని కడిగి, ముగ్గేసి, పూలు కట్టే పిల్ల ఒక్కతే చెప్పులు విడిచి పైకి ఎక్కవచ్చు. కొన్నేళ్లుగా ఆ పిల్ల మా కెప్టెనే.

ఖోఖోలో కూర్చున్న వరసను మధ్యలో దాటకూడదు. తరిమే పిల్ల అవతలి వైపు పోవాలంటే చివరి స్తంభాన్ని చుట్టి రావాలి. మా పిల్లలు గద్దెకు దూరంగా పెద్ద మలుపు తిరిగేవాళ్లు. రోజూ చూసే నా కంటికి అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు.

పోటీలు ఉప్పల్‌లో. మొదటి మ్యాచ్ రామంతాపూర్ వైపు నుంచి వచ్చిన జట్టుతో. ముందు మావాళ్లే తరిమారు. ఒక స్తంభం దగ్గర చక్కగా మలుపు తీసుకుంటున్నారు. రెండో స్తంభం దగ్గరకు రాగానే, అక్కడ చదునైన మట్టి తప్ప ఏమీ లేకపోయినా, లేని గద్దెను తప్పించుకుంటూ దూరం నుంచి చుట్టి వస్తున్నారు. అవతలి పిల్లలు అది కనిపెట్టేశారు. చిక్కుతామనుకున్నప్పుడల్లా ఆ చివరకే పరుగెత్తి తప్పించుకున్నారు. నా ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం షేర్ ఆటోల్లో కుక్కుకుని వచ్చింది దీనికా అనిపించింది.

విరామంలో నేను అరవబోతుంటే కెప్టెన్ చెయ్యి అడ్డం పెట్టింది. "మేడం, జర ఆగున్రి. వాళ్ల తప్పు కాదు. వాళ్ల కాళ్లకు గద్దె యాదికొస్తున్నది."

అందరినీ ఆ స్తంభం దగ్గరకు తీసుకుపోయింది. తన పాదాలు దాని మొదలుకు ఆనించి నిలబడింది. "గద్దె కడిగేది నేను. నేనే చెప్తున్న, ఈడ గద్దె లేదు. ఒక్కొక్కలొచ్చి తొక్కున్రి."

ఒక్కొక్కరే వచ్చి, స్తంభానికి వీపు ఆనించి, పాదాలు మట్టిలో గట్టిగా అదిమారు. అందరికంటే చిన్నది, ఎనిమిదో తరగతి పిల్ల, తొక్కింది తొక్కినట్టే వంగి మట్టిని తాకి కళ్లకద్దుకుంది. జట్టంతా పకపకా నవ్వారు. అప్పటిదాకా బిగుసుకున్న ముఖాలు ఆ నవ్వుతో వదులయ్యాయి.

రెండోసారి తరిమినప్పుడు ఆ చివర అవతలివాళ్లకు ఆశ్రయం దొరకలేదు. ఆఖరి పిల్లను ఆ స్తంభం దగ్గరే మా చిన్నది ముట్టుకుంది. వాళ్లు తరిమే వంతు కూడా అయ్యేసరికి మేం ఒక్క పాయింటుతో గెలిచాం. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తర్వాతి మ్యాచ్ ఓడిపోయాం. అయినా ఆట గంట దక్కింది.

మర్నాడు ప్రార్థన సమయంలో పెద్ద సారు కెప్టెన్‌ను ముందుకు పిలిచి, ఏం కావాలో అడగమన్నారు. బూట్లు అడుగుతుందనుకున్నాను.

"సార్, ఆడేటప్పుడు వీళ్లను గద్దె ఎక్కనియ్యున్రి. లేకుంటే వచ్చేయేడు గిదే తప్పు మళ్ల చేస్తరు. అప్పుడు చెప్పనీకి నేనుండ."

ఆయన జెండా కర్ర వైపు తిరిగారు. "చెప్పులిడిచి ఎక్కున్రి. ఆడినంక మీరే కడగాలె. జెండా ఎగిరే రోజు మాత్రం దగ్గరికి రావద్దు," అన్నారు.

చిన్నపిల్లలు గద్దె ఎక్కి నిలబడిన ఫొటో ఆ గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు చాలా వచ్చాయి. గద్దె మీద పిల్లలేమిటని ఒకరు అడిగారు. దానికీ ఒక చప్పట్ల బొమ్మ పెట్టాను.

ఇప్పుడు పరీక్షలు దగ్గరపడి, సాయంత్రాలు పదో తరగతికి మాత్రం స్పెషల్ క్లాసు నేనే చెబుతున్నాను. బయట ఖో అని అరుపులు, కాసేపటికి బకెట్ల చప్పుడు, గద్దె మీద నీళ్లు పోస్తున్న చప్పుడు. కిటికీ పక్కన కూర్చున్న మా కెప్టెన్ తల తిప్పదు, నోట్సు రాసుకుంటూనే ఉంటుంది. బెంచీ కింద ఆమె పాదం మాత్రం ఆగకుండా మలుపు తిరుగుతూ ఉంటుంది.