సర్దుబాటు టీచర్

పొద్దున్నే ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ రెండో చేత్తో ఫోను చూడటం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు. ఆ రోజు బడికి ఎవరెవరు రావడం లేదో అందులో ఉంటుంది. ఒకరికి జ్వరం, ఒకరి ఇంట్లో నీళ్ళ పైపు పగిలింది, ఒకరికి కారణం రాయాలనిపించలేదు. నోట్లో నురుగు ఉండగానే ఆమె మనసులో టైంటేబుల్ గళ్ళు నింపడం మొదలుపెడుతుంది. లెక్కల సారు రాకపోతే ఆయన రెండో పీరియడ్ సైన్సు మేడానికి, నాలుగోది డ్రిల్లు మాస్టారికి, ఎవరికీ కుదరనిది తనకు. ముఖం కడుక్కునేసరికి బడి మొత్తం ఆమె తలలో సర్దుకుపోయి ఉంటుంది.

స్టాఫ్‌రూమ్ తలుపు వెనక ఒక చిన్న నల్లబోర్డు ఉంది. బడికి వెళ్ళగానే తలలో ఉన్నదంతా దాని మీద రాసేస్తుంది. దాన్ని సర్దుబాటు బోర్డు అంటారు, ఆమెను సర్దుబాటు టీచర్ అంటారు. కొత్తగా చేరినవాళ్ళు అది ఆమె ఇంటిపేరనుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అసలు ఆ పని ఆమెది కాదు. అంతకుముందు చూసే టీచరు కాన్పుకు వెళ్తే, "ఒక్క వారం చూడమ్మా," అని పెద్దసారు ఆమెకు సుద్దముక్క ఇచ్చారు. పెద్దసారంటే ప్రధానోపాధ్యాయుడు. ఆ టీచరుగారి బిడ్డ ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. ఆ వారం మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

అన్నేళ్ళు అందరి క్లాసుల్లోనూ దూరి వచ్చినందుకు ఆమెకు ఒక ప్రశ్న మిగిలింది. టీచరు రాని గంటలో పిల్లలకు ఏమవుతుంది? ఆ గంటకు బాధ్యులెవరు? ఒకసారి టీ తాగుతూ పైకే అడిగింది.

"ఏమవుతుంది మేడం, వాళ్ళకి పండగవుతుంది," అన్నారు డ్రిల్లు మాస్టారు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ ప్రశ్న అక్కడే కూర్చుంది. అలాంటి రోజుల్లోనే విశ్వవిద్యాలయం ప్రకటన కనిపించింది. ఉద్యోగం చేసుకుంటున్న ఉపాధ్యాయులకు విద్యా నాయకత్వంలో పీహెచ్‌డీ. వారానికి రెండు రోజులు అక్కడ ఉండాలి. పరిశోధన ఎందుకు చేయదలుచుకున్నారో వ్యాసం రాయాలి, పై అధికారి సిఫారసు లేఖ తేవాలి, ఇంటర్వ్యూకి రావాలి. ఆమె ఆ ప్రకటనను రెండు మూడుసార్లు మూసి మళ్ళీ తెరిచింది. ఇన్నాళ్ళూ ఇంకొకరి ఖాళీలు నింపడంతోనే సరిపోయింది. ఈ ఒక్కటి తనకోసం కావాలనిపించింది. ఎంత గట్టిగా అనిపించిందంటే, రాకపోతే ఎలా అన్న భయం దరఖాస్తు మొదలుపెట్టకముందే పట్టుకుంది.

"డాక్టరువయితే నా మోకాళ్ళు చూస్తావా?" అడిగింది అత్తగారు.

"ఆ డాక్టరు కాదు అత్తయ్యా."

"అదీ. చదివితే ఇంట్లోవాళ్ళకి పనికొచ్చేది ఒక్కటీ చదవవు."

భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వ్యాసం రాశాక ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని, చూపు పరీక్షించే అట్టను చదివినట్టు పైనుంచి కిందికి చదివారు.

"మొదటి లైను బాగానే కనబడుతోంది. కిందికి పోయేకొద్దీ మసక."

"ఏం మసక?"

"నాయకత్వం అందరూ పంచుకోవాలి, పంచుకోవాలి అని ఊదరగొట్టావు. నువ్వు ఎవరితో ఏం పంచుకున్నావో ఒక్కచోటా లేదు."

"అది సిద్ధాంతమండీ. అలాగే రాస్తారు."

"అలాగా. నాకు అద్దాల నంబర్లే తెలుసు మరి," అని కాగితాలు తిరిగి ఇచ్చేశారు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.

సిఫారసు లేఖ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. బడి నుంచి బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరమూ ఆమె రాయాల్సిందే, పెద్దసారు సంతకం పెడతారు. ఇది కూడా అలాగే అవుతుందనుకున్నారాయన.

"మీరే నాలుగు మంచి మాటలు రాసుకుని పట్రండి మేడం. సంతకం పెట్టేస్తాను."

"నా గురించి నేనే ఎలా రాసుకుంటాను సార్?"

పెద్దసారు జేబులో పెన్ను తీసి, చాలాకాలం తర్వాత స్వయంగా ఒక ఉత్తరం రాశారు. రాసి ఆమెకే చూపించారు. చివర్లో ఇలా ఉంది: 'ఈమె లేనిదే మా బడి ఒక్కరోజు కూడా నడవదు.' పొగిడితే ఉబ్బిపోయే మనిషి కాదామె. అయినా ఆ సాయంత్రం బస్సులో ఆ వాక్యాన్నే తలుచుకుంటూ తను దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున విశ్వవిద్యాలయం బస్సెక్కాక ఫోను మోగడం మొదలైంది. సైన్సు మేడానికి పంటి నొప్పి. లెక్కల సారు బండి దారిలో ఆగిపోయింది. సంగీతం టీచరు వాళ్ళ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తోంది. తన క్లాసులు ముందురోజే సర్దేసుకుంది, సరిగ్గా ఇవాళే ముగ్గురూ. కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని గళ్ళు నింపేసి, డ్రిల్లు మాస్టారికి ఫోను చేసి, తను చెప్తూ పోతుంటే ఆయనచేత బోర్డు మీద రాయించింది. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశారు. దిగేసరికి ఆమె మనసు తేలికపడింది. బడి సర్దుకుంది, ఇక తన సంగతి చూసుకోవచ్చు.

ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల వెనక ముగ్గురున్నారు. ఇద్దరు కాగితాలు తిప్పుతున్నారు. మధ్యలో కూర్చున్న తెల్లజుట్టు ప్రొఫెసరమ్మే మాట్లాడింది.

"మీ హెడ్మాస్టరుగారు చాలా బాగా రాశారమ్మా. మీరు లేనిదే బడి ఒక్కరోజు కూడా నడవదన్నారు."

"ఆయన అభిమానమండీ."

"మరి ఇవాళ నడుస్తోందా?"

"నడుస్తోందండీ. ముగ్గురు రాలేదు. బస్సులోనే సర్దేసి వచ్చాను."

"అదెలా సర్దుతారో కాస్త చెప్పండి. మాకూ తెలియాలి కదా."

ఆ ప్రశ్నతో ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఈ విషయంలో ఆమెకు తడుముకోవాల్సిన పని లేదు. "లెక్కల సారుది రెండో పీరియడ్ భాష టీచరుకి వేశానండీ. సైన్సు మేడానిది మొదటిది డ్రిల్లు మాస్టారికి. మూడో పీరియడ్ ఎనిమిదో తరగతి ఎవరికీ కుదరలేదు. అది నాకు…"

అక్కడ ఆగిపోయింది. గోడ మీద గడియారం చూసింది. మూడో పీరియడ్ మొదలై కొంతసేపయింది.

"మీకు?" అంది ప్రొఫెసరమ్మ.

"నాకే వేసుకున్నానండీ. ఐదోది కూడా."

బల్ల వెనక ఎవరూ నవ్వలేదు. ఒక్క ఫోను చేసుకోవచ్చా అని ఆమె అడిగితే, చేసుకోమన్నారు. గది నిశ్శబ్దంగా ఉంది, డ్రిల్లు మాస్టారి గొంతేమో మైదానం మీద పెరిగిన గొంతు.

"మాస్టారూ, ఎనిమిదో తరగతిలో ఎవరున్నారు?"

"మీరున్నారు మేడం."

"నేను ఇక్కడున్నాను కదండీ."

"అదే నేనూ అనుకున్నా రాసేటప్పుడు. మీరేదో ఆలోచించే వేసుంటార్లే అని ఊరుకున్నా."

మైదానంలో పిల్లలను కూడా వెంటబెట్టుకుని ఆ క్లాసుకి వెళ్ళమని చెప్పి ఫోను పెట్టేసింది.

"ఆ పని మీ బడిలో ఇంకెవరికైనా వచ్చా?" ప్రొఫెసరమ్మ గొంతులో ఎగతాళి లేదు.

"రాదండీ."

"ఎవరైనా నేర్చుకుంటామని అడిగారా?"

"అడగలేదు."

"మీరు నేర్పుతామన్నారా?"

భర్త మసకగా ఉందన్న చోటు ఏదో ఆమెకు అప్పుడు కనబడింది. "అనలేదండీ," అంది. అబద్ధం చెప్పే వీలుంది, చెప్పాలనిపించలేదు. వారానికి రెండు రోజులు మీరు ఇక్కడుంటే అక్కడ ఎవరుంటారని అడిగారు. అది తను ఆలోచించనేలేదని ఒప్పుకుంది.

మర్నాడు బడిలో తెలిసిందేమిటంటే, ఎనిమిదో తరగతి గోల వరండా దాకా వస్తే పెద్దసారే వెళ్ళి కాసేపు కూర్చున్నారు. ఫోను అందుకున్న మాస్టారు వచ్చి ఆయన్ను విడిపించారు. పెద్దసారు ఆ మాట ఎత్తలేదు. "ఎనిమిదో తరగతి పిల్లలు బాగా ఎదిగారు మేడం," అని మాత్రం అన్నారు.

కొద్దిరోజులకు జవాబు వచ్చింది. ఈ ఏడాది సీటు ఇవ్వలేకపోతున్నాం, వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. పళ్ళు తోముకుంటూ చదివింది. నోట్లో నురుగు అలాగే పెట్టుకుని పంపు దగ్గర నిలబడిపోయింది. తర్వాత లెక్కల సారు మెసేజ్ వచ్చింది, అదీ చదివింది.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారికి జరిగిందంతా చెప్పింది. అత్తగారు వంకాయలు కోస్తూ విని, "ఇందులో వింతేముంది?" అంది. "ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఇంకా నా చేతి కిందే ఎందుకుంది? నీకు ఉప్పు వెయ్యడం రాకనా?"

"నాకు కుదురుగా పడదంటారు కదా మీరు."

"అంటాను. పడుతుందంటే నన్నెవరు అడుగుతారే? పని ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది. వదలడానికి మనసొప్పద్దూ?"

ఉప్పు డబ్బా మాత్రం ఉన్నచోటే ఉంది. ఇవాళ్టికీ అక్కడే ఉంది, అది వేరే కథ.

ఆ వారంలోనే ఆమె సుద్దముక్క తీసుకెళ్ళి డ్రిల్లు మాస్టారి ముందు పెట్టింది.

"నావల్ల కాదు మేడం. నాకు ఈల ఊదడం తప్ప ఏం రాదు."

"మూడొందలమందిని లైన్లో నిలబెడతారు. పదిమంది టీచర్లు మీకో లెక్కా?"

"పిల్లలు మాట వింటారు మేడం."

ఆయనకు నేర్పడం తేలికే. నేర్పాక నోరు కట్టేసుకోవడమే కష్టమైంది. మొదట్లోనే ఒకరోజు సంగీతం టీచరుని ఒకే పీరియడ్‌కి రెండు గదుల్లో వేశారు మాస్టారు. ఆమె తలుపు తోసుకుని వస్తూనే చూసింది. వేళ్ళు సుద్దముక్క కోసం దురద పెట్టాయి. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగి, వెళ్ళి టీ పోసుకుంది. గంట కొట్టాక సంగీతం టీచరు వరండాలో నిలబడి, "మాస్టారూ, నన్ను నిలువుగా కోస్తారా, అడ్డంగానా?" అని అడిగింది.

మాస్టారు పరుగున వచ్చారు. "మేడం, మీరు ముందే చూశారు కదా. ఒక్క మాట చెప్పకూడదా?"

"చూశాను. రేపట్నుంచి మీరూ చూస్తారు."

ఆయన చూశారు. అంతేకాదు, పొద్దున్నే ఈ లెక్కలు వేయలేక, టీచర్లందరినీ కూర్చోబెట్టి ఎవరికి వారే ఒక జతను ఎంచుకోమన్నారు. ఒకరు రాకపోతే రెండోవాళ్ళు ఆ క్లాసు చూసుకోవాలి, ఏ పాఠం దాకా వచ్చారో ముందే మాట్లాడుకోవాలి. దాంతో బోర్డు మీద గళ్ళు సగానికి తగ్గాయి. లెక్కల సారు రాని రోజున సైన్సు మేడం నిజంగానే లెక్కలు చెప్తోందని పిల్లలు ఫిర్యాదు చేశారు. అన్నేళ్ళలో ఆమెకు తట్టని ఉపాయం అది. సంతోషించాలో ఉడుక్కోవాలో తెలియక రెండూ చేసింది. ఆ తర్వాత పాత వ్యాసం పక్కన పడేసి, ఈ జరిగినదాన్నే మొదటినుంచి రాసింది, మాస్టారి ఉపాయం మాస్టారిదేనని చెప్తూ. భర్త ఈసారి చేయి చాపకుండా దగ్గర పెట్టుకునే చివరి లైను దాకా చదివి తిరిగిచ్చారు.

మరుసటి ఏడు సిఫారసు కోసం వెళ్తే పెద్దసారు పెన్ను పట్టుకుని ఆలోచనలో పడ్డారు. "పోయినేడు రాసిన ముక్క ఈ ఏడు రాయలేను మేడం. అబద్ధమవుతుంది."

"వద్దు సార్. ఉన్నది రాయండి."

ఇంటర్వ్యూలో అదే గది, అదే బల్ల. తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ ఆమెను గుర్తుపట్టింది.

"ఇవాళ ఎనిమిదో తరగతిలో ఎవరున్నారమ్మా?"

"తెలియదండీ," అంది ఆమె. నిజంగానే తెలియదు. పొద్దున మాస్టారికి ఫోను చేయకుండానే వచ్చింది. ప్రొఫెసరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని, ఇక వ్యాసంలోకి వెళ్దాం అంది.

ఇప్పుడు ఆమెకు పీహెచ్‌డీలో రెండో సంవత్సరం. గురు, శుక్రవారాలు విశ్వవిద్యాలయంలో ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఫోను చూస్తుంది, మాస్టారు తనకు ఏ క్లాసు వేశారో తెలుసుకోవడానికి.