విజయవాడను తిన్నదెవరు?

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు, ప్రపంచమంతా తెలుసునన్న నమ్మకం. నిజానికి మా చిత్తూరు నుంచి అటు కాట్పాడి, ఇటు రేణిగుంట దాటి పోయినదాన్ని కాదు. అయినా టీచరు ట్రైనింగులో చివరి పరీక్ష పాఠానికి రాష్ట్రం నడిమి ప్రాంతం, అక్కడి పట్టణాలు నా వంతుకు వచ్చాయి. ఆ పరీక్ష తప్పితే ఏమవుతుందో మా నాయన ముందే చెప్పేశాడు. "పాసయితే టీచరమ్మవు. లేదంటే మన బొరుగుల అంగట్లో కూసుందువులే." రోజంతా బొరుగులు కొలుస్తూ కూర్చోవడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది.

మాకు పాఠాలు నేర్పే మేడమ్ (ఆవిడ గొడుగు చప్పుడు వింటేనే మాకు గుండెలు జారేవి) "దగ్గర దొరికే వస్తువులతో బోధించండి" అంటుండేది. నాకు దగ్గర దొరికేది మా అంగడే కదా! పెద్ద అట్ట మీద అప్పటి ఉమ్మడి రాష్ట్రం గీసి, మైదానాలకు బొరుగులు, కొండలకు పుట్నాలపప్పు, కృష్ణకు నీలం ఊలు దారం, ఊళ్లకు బెల్లం ముక్కలు పెట్టాను. పాఠం నడిమి ప్రాంతం గురించే కాబట్టి అక్కడ బెల్లం దండిగా పడింది. విజయవాడైతే నిమ్మకాయంత. చిత్తూరుకు, తిరుపతికి మాత్రం చెరో చిటికెడు. ఆ అట్టను నాలుగో తరగతి పిల్లల ముందు పెట్టి, ఊళ్ల పేర్లన్నీ ఒకసారి చదివించి, మేడమ్‌ను పిలుచుకొని రావడానికి గేటు దాకా పోయాను. తిరిగి వచ్చేసరికి రాష్ట్రానికి నడుము లేదు.

ఆ నడుము చోట ఊలు దారం ఒక్కటే ఖాళీ అట్ట మీద పడి ఉంది. నలభై నోళ్లు ఒక్కసారిగా నమలడం ఆపాయి. మేడమ్ వెనక బెంచీలో కూర్చుని పుస్తకం తెరిచింది. నా కళ్ల ముందు బొరుగుల మూటలు తిరుగుతున్నాయి. ఏం చేయాలో తోచక, రాసుకొచ్చిన మొదటి ప్రశ్నే అడిగేశాను.

"విజయవాడ ఎక్కడుంది?"

రెండు జడల పిల్లొకతి లేచి వచ్చి, సరిగ్గా ఆ చోటే వేలు పెట్టింది. "ఈడ ఉండె టీచర్. నేనే తినేసినాను." (తప్పు ఒప్పుకునే గొంతు కాదది, పందెం గెలిచిన గొంతు.) దాంతో క్లాసంతా లేచింది. "గుంటూరు నేను తిన్నాను టీచర్, కృష్ణకు ఈ పక్క!" "ఒంగోలు నాది, సముద్రం కాడ!" "నల్గొండలో సగం వీడు కొరికేసినాడు, సూడండి టీచర్!" ఒక్క ఊరూ చోటు తప్పలేదు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మరి చిత్తూరును ఎందుకు వదిలిపెట్టినార్రా?" అంది.

"మన ఊరిని మనమే ఎట్ల తింటాం మేడమ్?" అన్నాడొకడు.

ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. "పాఠం కడుపులోకే పోయింది, ఇంకేం కావల్ల!" అని అక్కడికక్కడే పాసు చేసింది. నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు, అచ్చు మ్యాపు గోడకు తగిలించి, చేత్తో బెత్తం పట్టుకుని అదే పాఠం చెప్పాను. గుంటూరు చూపించమంటే తల గోక్కున్న వాళ్లే ఎక్కువ. అయినా మళ్లీ ఒక్కసారి కూడా బెల్లంతో ఊళ్లు కట్టలేదు, చీమలు పడతాయని, హెడ్మాస్టరు ఏమంటాడోనని. ఆ ఇరవై ఏళ్ల పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. పాఠం చెప్పడం దానికి భలే వచ్చు, నేనే మరిచిపోయాను.