చిలుము పట్టిన తూటాలు

చిన్నపుల్లయ్యది రాయచోటికి ఆవల ఒక చిన్న పల్లె. గొర్రెల వెంట పెరిగినవాడు. కువైట్ వచ్చినా ఆ పనే దొరికింది. వఫ్రాలో బూ నాసర్ అనే ముసలాయన తోటలో మందను చూసుకునేవాడు. భార్య తిరుపాలమ్మ సముద్రతీరాన మహబూలా దగ్గర ఒక ఇంట్లో వంట చేసేది. ఒకే దేశంలో ఉన్నా, ఆమె మామా అని పిలిచే యజమానురాలు సెలవిచ్చిన శుక్రవారం మాత్రమే ఇద్దరూ కలిసేవాళ్లు. ఆ రోజు అతను కూరగాయల బండి ఎక్కి తీరం వైపు వెళ్లేవాడు.

బూ నాసర్ భార్య పోయాక పట్నంలోని ఇల్లు వదిలి తోటలోనే ఉండసాగాడు. సాయంత్రం కాగానే చిన్నపుల్లయ్యను పక్కన కూర్చోబెట్టుకుని అరబ్బు కాఫీ గహ్వా పోసేవాడు. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఆ సగంతోనే ఎన్నో మాట్లాడుకున్నారు.

ముసలాయన గది గోడకు ఒక పాత రైఫిల్ వేలాడేది. ఒకప్పటి ఇంగ్లీషు సైన్యానిది. ఆయన తండ్రి చేతి నుంచి వచ్చింది. దానితోపాటు ఒక రేకు డబ్బా నిండా అప్పటి తూటాలు. తుపాకీకి అప్పుడప్పుడు నూనె పూయడం చిన్నపుల్లయ్య పని.

ఒక చలికాలం ఊరకుక్కలు దొడ్లో పడి ఈనిన గొర్రెలను, వాటి పిల్లలను చీల్చేశాయి. పొద్దున్నే వాటిని ఏరి పూడ్చాల్సి వచ్చింది. ఆ రోజు బూ నాసర్ రైఫిల్ బయటికి తీయించాడు. అయినా తొందరపడలేదు. పూర్వం సైన్యంలో ఆయుధాలు బాగుచేసిన స్నేహితుడు బూ సాలెంను పిలిపించాడు.

బూ సాలెం తుపాకీ విప్పి చాలాసేపు చూశాడు. తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు అరిగిపోయిందని, ముందు దాన్ని సరిచేయించాలని, ఆ తర్వాత కూడా గొట్టం మీద ముద్రించిన కొలతకు సరిపోయే కొత్త తూటాలే వాడాలని చెప్పాడు. లోపల పట్టినంత మాత్రాన ఏ తూటా అయినా దానికి పనికొచ్చినట్టు కాదన్నాడు. డబ్బాలోని తూటాలకు పచ్చగా చిలుము పట్టింది. ఎండలకు ఉడికి, తేమకు నాని వాటిలోని మందు ఏమైందో ఎవరూ చెప్పలేరన్నాడు. మీట నొక్కినా పేలకపోతే అది చచ్చిందనుకోవద్దని, లోపల నిప్పు రాజుకుంటూ ఉండవచ్చని హెచ్చరించాడు. అప్పుడు గొట్టం మనుషులు లేని వైపు పెట్టి కదలకుండా ఆగాలని, బోల్టు వెంటనే తెరవకూడదని చెప్పాడు.

బూ నాసర్ తుపాకీని మళ్లీ గోడకెక్కించి, దొడ్డి చుట్టూ ఎత్తుగా కంచె వేయించాడు. డబ్బా మాత్రం పారేయలేకపోయాడు. తండ్రి తాకిన వస్తువని దాన్ని మంచం కిందే ఉంచుకున్నాడు.

చలికాలంలో కువైటీలు సరదాగా ఎడారిలో గుడారాలు వేసే రోజుల్లో బూ నాసర్ పెద్దకొడుకు నాసర్ స్నేహితులతో తోటకు వచ్చాడు. ముసలాయన నమాజుకు వెళ్లి ఉన్నాడు. నాసర్ రైఫిల్, డబ్బా తీసుకుని ఇసుకదిబ్బ వైపు నడిచాడు. చిన్నపుల్లయ్య వెంటపడి బూ సాలెం చెప్పినదంతా తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. నాసర్ నవ్వి, తూటాలు ఈ తుపాకీతో వచ్చినవే కదా, మాఫీ ముష్కిల, ఏం ఫర్వాలేదు అన్నాడు.

మొదటి తూటా పేలింది. స్నేహితులు చప్పట్లు కొట్టారు. రెండోది టక్కుమని ఊరుకుంది. నాసర్ తుపాకీని దించి, బోల్టు మీద చెయ్యి వేసి, ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"సబర్, నాసర్, సబర్" అని ఆగమంటూ చిన్నపుల్లయ్య ఉరికి అతని భుజాన్ని పక్కకు నెట్టాడు. అప్పటికే బోల్టు సగం తెరుచుకుంది. తూటా అక్కడే పగిలింది. నాసర్ చెంప గీరుకుపోయింది. ఇత్తడి ముక్క చిన్నపుల్లయ్య కుడికంట్లో దిగింది.

ఆసుపత్రిలో కన్ను తీసేశారు. పోలీసులు రాకముందే నాసర్ మంచం దగ్గరికి వచ్చి, గొర్రెల కాపరే తుపాకీతో ఆడుకున్నాడని చెప్పమన్నాడు. చెబితే వైద్యం, ఇక్కడ ఉండేందుకు కావలసిన ఇఖామా అన్నీ తానే చూసుకుంటానన్నాడు. చిన్నపుల్లయ్య సరేనని తల ఊపాడు.

తిరుపాలమ్మ వచ్చింది. కట్టు అంచును వేలితో తడిమింది.

"నువ్వెందుకు ముందుకు బొయినావయ్యా?" అంది.

"ఆయప్ప మొగానికి దగ్గర పెట్టుకున్యాడే. చూస్తా ఊరకుండలేకపోతి."

"కన్ను బాయె. మళ్లా తప్పు గూడా నీ మీదేసుకుంటావా?"

అతను దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

పోలీసు అధికారి వచ్చినప్పుడు అతని వెనకే బూ నాసర్ కర్ర ఊతంగా లోపలికి వచ్చాడు. అధికారి ఏదో అడగబోతే ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. "తుపాకీ నాది. తూటాలు నావి. పేల్చింది నా కొడుకు. ఇతను ఆపబోయాడు. వాడి స్నేహితులే నాకు చెప్పారు" అన్నాడు. నాసర్ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. తండ్రీకొడుకులు విడివిడి కార్లలో పోలీసు స్టేషన్‌కు వెళ్లారు. తుపాకీ, డబ్బా అక్కడే అప్పగించి బూ నాసర్ ఒక్కడే తోటకు తిరిగొచ్చాడు. ఆ తర్వాత కొడుకు చాలాకాలం అటువైపు రాలేదు.

గాయం మానాక చిన్నపుల్లయ్య పనిలోకి వెళ్లాడు గానీ పని అతని చేతికి రాలేదు. గహ్వా పోస్తే ఒంటికంటికి దూరం తెలియక కప్పు పక్కన పడేది. ఈనే గొర్రె కింద చెయ్యి పెడితే అందాల్సినచోట అందేది కాదు. ఒక పిల్ల అలా నేలపడి చనిపోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అతను దొడ్లోనే కూలబడ్డాడు. బూ నాసర్ వచ్చి, అతనికి కనబడేలా ఎడమవైపు కూర్చున్నాడు.

తర్వాతి రంజాన్‌లో ముసలాయన నిద్రలోనే పోయాడు. పరామర్శ రోజు బంధువుల వరుసలో నిలబడ్డ నాసర్ చిన్నపుల్లయ్య చేతిని రెండు చేతులతో పట్టుకుని తల దించుకున్నాడు. తోటలోనే ఉండమన్నాడు. చిన్నపుల్లయ్య ఇంటికి పంపమని అడిగాడు.

"నేను గూడా వస్తా" అంది తిరుపాలమ్మ విమానాశ్రయంలో.

"ఇద్దరం బోతే ఎట్లనే? నువ్వుండు. నేను సూసుకుంటాలే."

ఇప్పుడతను పల్లెలో ఉన్నాడు. మందలు ఇంటి ముందునుంచే పోతాయి. కాపర్లెవరైనా తోడు రమ్మని కేకేస్తే లేచి కొంతదూరం వెళ్లి, తిరిగొచ్చేస్తాడు. తిరుపాలమ్మ కువైట్‌లోనే వంట చేస్తోంది. శుక్రవారం ఫోన్‌లో ముఖం చూసుకుంటారు. అతను కుడికన్ను వైపు కనబడకుండా కొంచెం పక్కకు తిరిగి మాట్లాడతాడు. ఇటు చూడమని అడగడం ఆమె మానేసింది.