ఎర్ర డ్రమ్ము చుట్టొచ్చిన టైలరు

టైలరుకు ఒక పడవ ఉంది. పన్నెండడుగుల చెక్క పడవ, ఒక తెరచాప, ఒక చుక్కాని, ఇద్దరికి చోటు. కొని పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో అది నీళ్లలో గడిపిన సమయమంతా కూడినా ఒక కోటు కుట్టేంత సేపు కాదు. మిగతా కాలమంతా రిజర్వాయరు గట్టున, పడవల క్లబ్బు షెడ్డులో, చెక్క దిమ్మల మీద బోర్లా పడుకుని సేవలు చేయించుకుంటూ ఉంది.

సేవలంటే ఆషామాషీ సేవలు కావు. ప్రతి ఆదివారం పొద్దున్నే టైలరు గరుకు కాగితంతో దాని వీపు రుద్దుతాడు. వార్నిష్ పూస్తాడు. ఆరాక నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి, పెదవి విరిచి, మళ్లీ మొదటి నుంచి రుద్దేస్తాడు. "పాతికేళ్ల కాపురంలో నా వీపు ఒక్కసారి రుద్దిన పాపాన పోలేదు మహానుభావుడు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. తెరచాప కుట్టడంలో మాత్రం టైలరుకు వంక పెట్టడానికి లేదు. మూడు వరసల కుట్టు, ప్రతి మూలకూ తోలు ముక్క, దారం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కుట్టినవాడికే తెలియాలి. ఆ చాప కుట్టిన రెండు నెలలూ ఇద్దరు పెళ్లికొడుకులు కోట్ల కోసం కొట్టు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు.

క్లబ్బులో మిగతావాళ్లూ ఏం తక్కువ తినలేదు. ఇరవై మంది సభ్యులు, ఇరవై పడవలు, అందరికీ ఒకటే పిచ్చి. అందులో పళ్ల డాక్టరు ఒకడు. ఎవరి పడవ చెక్కలో చిన్న బీట కనిపించినా పుల్లకు కట్టిన అద్దం జేబులోంచి తీసి లోపలికి చూసి, "పుచ్చింది, పీకించేయండి" అంటాడు. ఆ మాట వింటే టైలరుకు ప్రాణం లేచొచ్చేది. పీకించడమంటే ఇంకో ఆరు నెలల పని మరి.

అసలు సంగతి ఏమిటంటే, టైలరుకు నీళ్లంటే చచ్చేంత భయం. కొన్న మొదటి నెలలోనే పడవ తిరగబడి, తడిసిన తెరచాప కింద చిక్కుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్డతోనే బతికినవాడు, ఆ గుడ్డే నోటికీ ముక్కుకీ అతుక్కుపోయి ఊపిరి ఆడనివ్వకపోతే ఎలా ఉంటుందో చూశాడు. ఎవరో బయటికి లాగారు. ఆ రోజు నుంచి పడవకు మరమ్మతులు మొదలయ్యాయి. ఒక వారం అతుకు బిగిస్తాడు. ఇంకో వారం ఎవరూ చూడకుండా ఉలితో సున్నితంగా వదులు చేసి, "అయ్యో, మళ్లీ ఊడిందే!" అని నుదురు కొట్టుకుంటాడు. ఈ గుట్టు తనకు తప్ప మానవమాత్రుడికి తెలియదని ఆయన నమ్మకం.

ఈ ఏడాది క్లబ్బుకు కొత్త కార్యదర్శి వచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, అందరూ పెద్ద టీచరమ్మ అంటారు. ఆవిడ చేసిన ఘోరం ఏమిటంటే, గోడ మీద ఫ్రేము కట్టి ఉన్న నిబంధనలు చదివింది. అంతకుముందు ఎవరూ చదవలేదు. షెడ్డులో చోటు నిలవాలంటే మూడేళ్లకోసారైనా పడవ ఇద్దరు మనుషులతో నీళ్ల మధ్యన ఉన్న ఎర్ర డ్రమ్ము చుట్టూ తిరిగి, ఎవరి తాడూ పట్టుకోకుండా ఒడ్డుకు రావాలట.

"మీకు వచ్చే ఆదివారం దాకా టైముందండీ" అంది టీచరమ్మ. "రాకపోతే ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

చోటు పోతే పడవ అమ్ముకోవాల్సిందే. రెండు గదుల ఇంట్లో పన్నెండడుగుల పడవ ఎక్కడ పెడతాడు, నెత్తి మీదా? పడవ పోతే ఆదివారం పోతుంది. ఆదివారం పోతే మిగిలేది కుట్టు మిషనూ, కొలతల పుస్తకమూ, "ఎప్పుడిస్తావయ్యా" అనే గొంతులూ. కానీ నీళ్లలోకి దిగడం తనవల్ల అయ్యే పని కాదు. ఆఖరికి ఒక సాకు దొరికింది. పళ్ల డాక్టరుకు నడుం పట్టేసింది, మిగతావాళ్లకు తమ పడవల పని ఉంది.

"రెండో మనిషి లేడు, ఏం చేస్తాం" అని శనివారం ఇంట్లో పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"నేను లేనూ?" అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"నీకు పడవ గురించి ఏం తెలుసే?"

"పదకొండేళ్లుగా రోజూ వింటున్నాగా! కూర్చోమన్నచోట కూర్చుంటాను, వంగమంటే వంగుతాను. ఇంకేం కావాలండీ?"

ఆ సాకు అలా చచ్చింది.

ఆదివారం పడవను దింపడానికి ఇరవై మందీ వచ్చారు. అందరూ వార్నిష్ నిగనిగ చూసి ముక్కున వేలేసుకున్నారు. ఒకడు అందులో తన ముఖం చూసుకుని తల దువ్వుకున్నాడు. చాప కుట్టు మీద వేలు పెట్టి చూశారు, చుక్కాని కదిపి చూశారు, తలా ఒక సలహా పారేశారు. ఇంతమంది ఘనాపాఠీలలో ఒక్కడైనా పడవ వెనక వైపు అడుగున చూడలేదు. షెడ్డులో చెమ్మ ఆరడానికని అక్కడొక కన్నం ఉంటుంది, బొటనవేలు పట్టేంత. దింపేముందు దానికి బిరడా పెట్టాలి. ఆ బిరడా షెడ్డు కిటికీలో హాయిగా కూర్చుని వీళ్లను చూస్తోంది.

గాలి వెనక నుంచి తోసింది. పడవ బాణంలా పోయింది. టైలరు చుక్కాని కర్రను రెండు చేతులతో పట్టుకుని కళ్లు సగం మూసుకున్నాడు.

"ఏమండీ, పడవలో నీళ్లుండడం మామూలేనా?"

"కొంచెం ఉంటాయే."

"చెప్పులు తేలేంతా?"

టైలరు కిందికి చూశాడు. "బిరడా!" అని గావుకేక పెట్టాడు. చేతిరుమాలు చుట్టి కన్నంలో కుక్కాడు, నీళ్లు దాన్ని కక్కేశాయి. ఆవిడ ఆయన్ని పక్కకు నెట్టి, మడమ ఆ కన్నం మీద పెట్టి బలంగా తొక్కింది. పడవలో ఉన్న రేకు డబ్బా తీసుకుని నీళ్లు తోడడం మొదలుపెట్టింది.

"ఇక నేను లేవలేను. నడిపేది మీరే."

ఇంతలో క్లబ్బు మోటారు బోటు బడబడమంటూ వచ్చింది. అందులో నడుం పట్టేసిన పళ్ల డాక్టరు, నిటారుగా నిలబడి ఉన్నాడు.

"తాడు పట్టుకోవయ్యా! మునిగిపోతున్నావు!"

తాడు వచ్చి టైలరు ఒళ్లో పడింది. పట్టుకుంటే చాలు, నిమిషంలో ఒడ్డు. చాప నీడ మీద పడేసరికి నోటికి ఆ తడి గుడ్డ మళ్లీ అతుక్కున్నట్టయింది. చెయ్యి తాడు మీదికి పోయింది. భార్యకేసి చూశాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది, పెదవి కొరుక్కుంటోంది, డబ్బా మాత్రం ఆగలేదు.

"మీ ఇష్టమండీ" అంది. "నా మడమైతే ఇక్కడే ఉంటుంది."

టైలరు తాడు నీళ్లలోకి విసిరేశాడు. "మీ సాయం అక్కర్లేదు, పొండి!" అని అరిచాడు. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "తల వంచవే!" అంటూ చుక్కాని తోశాడు. చాప అడ్డకర్ర ఆవిడ జడ మీదుగా ఈ వైపు నుంచి ఆ వైపుకు సర్రున పోయింది. ఎర్ర డ్రమ్ము పడవ అంచుకు రాసుకుని, పదకొండేళ్ల వార్నిష్‌ను చారెడు గీసుకుపోయింది. టైలరు అటు చూడను కూడా లేదు.

రావడం ఎదురుగాలికి. అటో వంకర ఇటో వంకర, కాపురం చేసినట్టే వచ్చారు. పడవ ఇసుక తాకేసరికి నీళ్లు ఇద్దరి మోకాళ్ల దాకా ఉన్నాయి. ఒడ్డున పెద్ద వాదన లేచింది. మునిగిన పడవ వచ్చినట్టా, రానట్టా?

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "తాడు పట్టుకోకుండా రావాలని ఉంది. వచ్చింది. పొడిగా రావాలని ఎక్కడా లేదు. చోటు వీళ్లదే."

అందరూ టైలరు వీపు చరిచి వెళ్లిపోయారు. ఇద్దరూ ఇసుకలో కూలబడ్డారు. ఆవిడ మడమ మీద కన్నం అచ్చు గుండ్రంగా, ఎర్రగా కందిపోయి ఉంది. టైలరు ఆ పాదం ఒళ్లో పెట్టుకుని నిమిరాడు.

"నాకు నీళ్లంటే భయమే" అన్నాడు చివరికి.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీరు అతుకు బిగించి, మళ్లీ మీరే ఊడదీయడం చూసినప్పట్నుంచి. మీకు అన్నం తెచ్చిన రోజు. తొమ్మిదేళ్లయిందనుకుంటా."

"మరి అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి పడవ అమ్మేసేవారు. ఆదివారం సాయంత్రం ఈలవేసుకుంటూ ఇంటికొచ్చే మొగుణ్ణి మళ్లీ ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?" ఆవిడ పాదం వెనక్కి తీసుకుని ఆయన కళ్లలోకి చూసింది. "ఒక్కటి చెప్పండి. ఆ బిరడా మర్చిపోయారా, మర్చిపోవాలనుకున్నారా?"

టైలరు ఆవిడ తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టు. ఈసారి నిజంగానే మర్చిపోయానే."