పెద్దమ్మ తియ్యకుండ పోయిన టోపీ

మా పెద్దమ్మ పోయింది. క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు, మంచిర్యాల దవాఖానల. మా వాడకట్టుకు తెలుసు, చర్చివాళ్ళకు తెలుసు. చిన్నప్పుడు ఆమె చేసిన టోపీ పెట్టుకొని ఇప్పుడు ఏడేడనో ఉన్నోళ్ళకు ఎట్ల చెప్పాలె? గందుకే రాస్తున్న.

క్రిస్మస్ నాటకంల పశువుల తొట్టిల పండిన పసి యేసుకు మొక్కెటందుకు ముగ్గురు జ్ఞానులొస్తరు కదా, వాళ్ళ టోపీలు ఏటేట ఆమెనే చేసేది. బీడీలు చుట్టుడు ఆపి, గా బీడీ దారంతోనే పిల్లల తలకాయలు కొలిచేది. అన్నం వండే గంజు బోర్లించి, ఆముదం రాసి, దాని మీద పాత పెండ్లికార్డులు, కాయితాలు చింపి మైదా లైతోని పొర మీద పొర అతికించేది. ఆరినంక గంజు తిరగేసి వేడినీళ్ళు పోస్తే టోపీ ఊడొచ్చేది. లోపట మెత్తటి గుడ్డతోని అస్తరు కుట్టేది, పైన పట్టుచీర ముక్క. నా టోపీ కూడా గట్ల చేసిందే.

"బజార్ల దొరుకుతయి కదా పెద్దమ్మా" అంటే కసురుకునేది.

"కొన్నది అందరికీ ఒక్కతీర్గుంటది. నా పోరల తలకాయలు ఒక్కతీర్గున్నయా?"

దగ్గు ఎప్పటినుంచో ఉండె. "దవాఖానకు పోదాం పా" అంటే "బీడీ ఆకు దుమ్మే, ఫికర్ చెయ్యకు" అనేది. నేను నమ్మిన. నమ్ముడు నాకు తేల్కగుండె.

ఈసారి మా బిడ్డ మూడో జ్ఞాని. దాని టోపీ గంజు మీద ఆరుతుండంగనే పెద్దమ్మకు ఊపిరాడలే. ఆటోల ఎక్కిస్తుంటే కూడా నా చెయ్యి పట్టుకొని, "ఆ టోపీ ఎవ్వరు ముట్టకుండ్రి. నేనే వచ్చి తీస్త" అన్నది. మళ్ళ లేచి రాలే.

సమాధి చేసి వచ్చినం. తెల్లారితే నాటకం. "అమ్మమ్మ లేకుంటే నా టోపీ రాదా?" అని బిడ్డ ఒకటే ఏడ్వబట్టింది. నీళ్ళు కాగబెట్టి గంజుల పోసిన. "పెద్దమ్మా, చినగనియ్యకు, నీ కాళ్ళు మొక్కుత" అనుకుంట కొద్దికొద్దిగ లాగిన. ఊడొచ్చింది.

లోపటి పొర చూసిన. పెండ్లికార్డులు కావు. స్కానింగ్ రిపోర్టు. దాని మీద పెద్దమ్మ పేరు, ఊపిరితిత్తులల్ల గడ్డ అన్న మాట, ఎండకాలం తారీకు.

ఎండకాలం నుంచి తెలుసు ఆమెకు! తనే తీసి, అస్తరు కుట్టి కప్పేద్దామనుకున్నది. చెప్తే మేం ఆగమైతమనుకుందో, ఏమో. నాకు ఒక్క మాట చెప్పరాదా పెద్దమ్మా? హైదరాబాద్ తీస్కపోదును, ఎవరి కాళ్ళన్న పట్టుకుందును. నేనన్న గట్టిగ అడగకపోతిని. ఇంట్ల ఉండుకుంట గా దగ్గు విన్న కదా రోజూ! ఎవర్ని తిట్టాలె ఇప్పుడు?

బిడ్డ పక్కన నిలబడ్డది. "అమ్మా, లోపట ఏం రాసున్నది?"

"ఏం లే బిడ్డా. ఫికర్ చెయ్యకు."

పెద్దమ్మ పెట్టెల నుంచి మెత్తటి గుడ్డ తీసి, ఆ రిపోర్టు మీద అస్తరు కుట్టిన.

నాటకంల బిడ్డ పశువుల తొట్టి ముందు తల నేలకు ఆనేదాక వంగింది. టోపీ జారలే.