నాయనమ్మకు ఊపిరి అందేదాకా

సూర్యాపేటలో నెలనెలా షుగరు చూపించుకునేటప్పుడు, వేలికి రాసే స్పిరిటు వాసన తగలగానే, ఎనభైలలో మా వేములపల్లి కాంపౌండరు ముట్టించే చిన్న స్పిరిటు దీపం గుర్తొస్తుంది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాయనమ్మ మూత్రం కొన్ని చుక్కలు కలిపి వేడిచేస్తే, అది ఇటుక రంగుకు తిరిగేది. చక్కెర బాగా ఉన్నట్టు. నాయనమ్మ అదేమీ పట్టించుకోకుండా, తంగేడు పూసే రోజుల్లో సజ్జరొట్టెలు నలిపి, బెల్లమూ నెయ్యీ వేసి మలీద ముద్దలు కట్టి, మాకు పెట్టినప్పుడల్లా తనూ ఒకటి నోట్లో వేసుకునేది.

మా వాడలో బతుకమ్మ పాట ఎత్తేది ఆమే. ఒక ఏడు చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం, కాలువ గట్టు మీద అందరూ చప్పట్లు చరుస్తూ తిరుగుతుండగా పాట ఉన్నట్టుండి తెగిపోయింది. నాయనమ్మ కూలబడింది. రవికె చెమటతో తడిసిపోయింది. ఛాతీలో నొప్పా అని అమ్మ అడిగింది.

"నొప్పేం లేదే, జర ఆయాసం. మీరు ఆడుండ్రి."

ఒక్కపొద్దు వల్ల కళ్ళు తిరిగి ఉంటాయని అందరూ అన్నారు. అమ్మ మాత్రం నమ్మలేదు. జీపు మాట్లాడి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. వచ్చింది గుండెపోటేనని, ఏళ్ళుగా అదుపులో లేని చక్కెర గుండెకు నెత్తురు మోసే నాళాలను సన్నం చేసిందని, నరాలు మొద్దుబారడంతో నొప్పి కూడా తెలియలేదని డాక్టరు చెప్పాడు. ఇకనుంచైనా చక్కెరను అదుపులో పెట్టుకుంటే గుండెను కాపాడుకోవచ్చన్నాడు.

"ఇగ పాట పాడొచ్చునా సారూ?" నాయనమ్మ అడిగింది ఆ ఒక్కటే.

"ముందు మెల్లగ నడువమ్మా. తర్వాత పాడుదువు గాని."

కోలుకున్నాక ఆమె అట్లాగే చేసింది. జొన్నరొట్టె, మెంతికూర, వేళకు మాత్రలు. పొద్దున్నే మంచు పట్టిన వరిచేల పక్కన, కాలువ గట్టు వెంట అమ్మ చెయ్యి పట్టుకుని నడక. కాంపౌండరు గొట్టంలో మందు మెల్లగా నీలంగానే నిలవసాగింది. మలీద అమ్మ కలుపుతుంటే, నాయనమ్మ గడపలో కూర్చుని బెల్లం చాలలేదని వాసనతోనే చెప్పేది.

మరుసటి ఏడు సద్దులకు పీట మీద కూర్చుని పాట ఎత్తింది. రెండు చరణాలకే ఊపిరి చాలలేదు. ఆడవాళ్ళంతా ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయారు. ఎవరూ పాట అందుకోలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. ఊపిరి అందాక ఆమే మళ్ళీ మొదలుపెట్టింది. నా పెళ్ళయి సూర్యాపేటకు వచ్చేదాకా ప్రతి ఏడూ ఆ పాట అట్లాగే ఆగుతూ సాగింది.

ఇప్పుడు ఆ గట్టు వెంట దుకాణాలు లేచాయి. సద్దుల నాడు పాట పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి వస్తుంది, ఒక్క తప్పు లేకుండా. ఎవరి కోసమూ ఆగదు.